చేజేతులా పోగొట్టుకునే అధికారం: సీమ లెక్కలతో ఎవరైనా వివరంగా చెప్పగలరా?

ప్రశ్న: పెన్నా ఒడ్డు, తాడిపత్రి

అందరికీ నమస్కారం. పాత నాలుగు జిల్లాల లెక్కన సీమలో 52 అసెంబ్లీ సీట్లు. 2019లో వైఎస్సార్‌సీపీకి 49, తెలుగుదేశానికి 3. 2024కు వచ్చేసరికి ఆ 49 కాస్తా 7 అయ్యాయి. కడప జిల్లాలో పదికి పది గెలిచిన పార్టీకి మూడు మిగిలాయి. మా అనంతపురం జిల్లాలో ఒక్కటీ లేదు.

ఏ చర్చలో చూసినా ‘ప్రభుత్వ వ్యతిరేకత’ అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. నాకు కావలసింది అంతకన్నా కింది సంగతి. ఎదుటి పార్టీ బలం, కరువు, కేంద్రం అన్నీ పక్కన పెడదాం. నాయకుడు తనంతట తాను చేసుకున్న తప్పు ఎవరి దగ్గర మొదలై, ఏ దారిన పోయి, ఎక్కడ పైకి తేలుతుంది? ఏది తప్పు, ఏది కఠినమైన నిర్ణయం అని ఎలా విడదీయాలి? పార్టీ అభిమానాలు పక్కన పెట్టి, జరిగిన వాటితో చెప్తే మేలు.

జవాబు 1: కోర్టు సెంటర్, కర్నూలు

మొదట చదవాల్సింది కర్నూలు బస్సుల కేసు. సి.ఎస్. రౌజీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, 1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. సొంతూరు అనంతపురం జిల్లా ఇల్లూరు, ఆనాటికి మా డోన్ ఎమ్మెల్యే.

బస్సు రూట్లు జాతీయం చేయాలంటే 1939 మోటారు వాహనాల చట్టంలో ఒక పద్ధతి ఉండేది. 68-సి సెక్షన్ కింద ఆర్టీసీ ముందు స్కీము ప్రచురించాలి. 30 రోజుల్లోపు ప్రైవేటు బస్సుల వాళ్లు అభ్యంతరాలు పెట్టుకోవచ్చు. 68-డి కింద ప్రభుత్వం వాళ్ల వాదన విని, స్కీమును ఆమోదించడమో మార్చడమో చేయాలి. బస్సులను జాతీయం చేయడం తప్పని ఏ కోర్టూ అనలేదు. చిక్కు వచ్చింది వరసలో. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా అని ముందే అనుకున్న క్రమాన్ని మార్చి కర్నూలును ముందుకు తెచ్చారు. అందులోనూ జిల్లా మొత్తం కాదు, పడమటి భాగం. అక్కడి బస్సుల యజమానులు 1962 ఎన్నికల్లో తన వర్గానికి ఎదురు పనిచేశారన్న కక్షతో ముఖ్యమంత్రే ఇలా చేయించారని పిటిషనర్లు ప్రమాణం చేసి రాశారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆ ఆరోపణకు జవాబుగా అధికారులు అఫిడవిట్లు వేశారు. ముఖ్యమంత్రి మనసులో ఏ ఉద్దేశం ఉందో ఏ అధికారి ప్రమాణం చేసి చెప్పగలడు? ‘నేను కక్షతో చేయలేదు’ అని సంజీవరెడ్డి తన సంతకంతో ఒక్క అఫిడవిట్ వేయలేదు. ఖండించాల్సిన మనిషి ఖండించలేదు కాబట్టి ఆరోపణ నిలిచినట్టేనని కోర్టు తీసుకుంది. స్కీములు పోయాయి. నా ఉద్దేశంలో ఆయన్ని దెబ్బతీసింది బస్సుల వరస మార్చడం కన్నా, ఆ వేయని కాగితం.

హెచ్చరిక ముందే వచ్చింది కూడా. 1958లో గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో, కృష్ణా జిల్లా బస్సుల మీద, ఇదే ప్రభుత్వానికి ఇదే కోర్టు ఒకసారి చెప్పింది. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వినేది ఒకరు, తేల్చేది ఇంకొకరు అయితే ఆ విచారణకు అర్థం లేదని అప్పుడు స్కీము కొట్టేశారు. మొదటిసారి అది పద్ధతిలో లోపం. ఆరేళ్లు తిరక్కముందే అదే విషయంలో మళ్లీ కోర్టుకెక్కితే జనం దాన్ని లోపం అనుకోరు, నైజం అనుకుంటారు.

అయితే తర్వాత జరిగింది కూడా చూడండి. తీర్పు వచ్చిన నెల తిరక్కుండానే, ఫిబ్రవరిలో, ఆయన రాజీనామా చేశారు. ఎమ్మెల్యేలు ఎటు ఉండాలో తేల్చుకోవాల్సిన పరిస్థితి రానివ్వలేదు. అదే ఏడాది శాస్త్రి గారి మంత్రివర్గంలో చేరారు. 1977లో రాష్ట్రంలోని 42 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్ 41 గెలిస్తే, జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్కటి నంద్యాల. అక్కడ గెలిచింది ఆయనే, ఆ ఏడాదే ఏకగ్రీవంగా రాష్ట్రపతి. పదవి పోయినా పరపతి పోలేదు. తప్పు ఒకటే అయినా, దాన్ని వదిలించుకోవడానికి ఎంత కాలం తీసుకుంటారన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది.

జవాబు 2: చిత్రావతి, హిందూపురం

కోర్టు సెంటర్ అన్న చెప్పినదానికి కొనసాగింపుగా, తప్పుకూ కఠిన నిర్ణయానికీ తేడా ఎన్టీఆర్ పాలనలో స్పష్టంగా దొరుకుతుంది. ఆయన 1985 నుంచి మా హిందూపురం ఎమ్మెల్యే కాబట్టి ఇక్కడివాళ్లకు ఈ సంగతులు కొట్టిన పిండి.

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దు చేశారు. వంశపారంపర్యంగా ఊరి రికార్డు చేతిలో పెట్టుకున్న వాళ్లందరినీ ఒక్క ఆర్డినెన్స్‌తో ఎదురు చేసుకున్నారు. సీమ పల్లెల్లో వాళ్ల పలుకుబడి ఎంతో చెప్పనక్కర్లేదు. అయినా 1985 మధ్యంతర ఎన్నికల్లో 294కు 202 సీట్లు వచ్చాయి. ఎందుకంటే ఊరికి ఇద్దరు ముగ్గురు నొచ్చుకుంటే, అడంగల్ నకలు కోసం వాళ్ల అరుగు దగ్గర నిలబడిన వందల మంది సంతోషపడ్డారు. శత్రువులు పెరిగినంత మాత్రాన అది తప్పు కాదు. పోయిన ప్రతి మనిషికీ బదులు ఎవరు వచ్చారన్నది చూడాలి.

ఇప్పుడు 1989 ఫిబ్రవరి. బడ్జెట్ వివరాలు ముందే బయటికి పొక్కాయని 31 మంది మంత్రులనూ ఒకేసారి తీసేశారు. నష్టపోయింది 31 మందే కదా అనుకోకూడదు. ఒక్కో మంత్రి వెనక ఒక జిల్లా వర్గం, సహకార సంఘాల అధ్యక్షులు, మండలాల అధ్యక్షులు ఉంటారు. పదవి పోవడం ఒక ఎత్తు, దొంగల జాబితాలో గంపగుత్తగా పేరు ఎక్కడం ఇంకో ఎత్తు. తప్పు చేయనివాడికీ అదే శిక్ష పడింది. ఈ నిర్ణయంతో కొత్తగా ఎవరూ ఆయన వైపు రాలేదు, ఎందుకంటే లాభపడినవాడు లేడు. ఆ ఏడాది చివర్లో ఎన్నికలు. కాంగ్రెస్‌కు 181, తెలుగుదేశానికి 74. కల్వకుర్తిలో స్వయంగా ఆయనే ఓడిపోయారు, హిందూపురం నిలబెట్టింది.

1984 ఆగస్టునూ 1995 ఆగస్టునూ పక్కపక్కన పెట్టి చూడండి. 1984లో గవర్నర్ బర్తరఫ్ చేస్తే ఎమ్మెల్యేలు ఆయన కోసం కర్ణాటక శిబిరాల్లో ఉన్నారు. నెల రోజుల్లో, సెప్టెంబరు 16న, తిరిగి ముఖ్యమంత్రి. 1995లో సొంతంగా 216 సీట్లున్న పార్టీ ఎమ్మెల్యేలు హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో చేరారు, ఈసారి ఆయనకు ఎదురుగా. గెలిచి అప్పటికి తొమ్మిది నెలలే. మధ్యలో ఏం మారింది? ఎమ్మెల్యే నేరుగా నాయకుణ్ని కలిసే దారి మూసుకుపోయింది. ప్రతి పనికీ ఇంట్లో ఇంకొకరి అనుమతి కావాల్సి వచ్చిందని వాళ్లకు నమ్మకం కుదిరింది. ఆ దశలో ఆయన అసెంబ్లీ రద్దుకు సిఫారసు చేశారు. ఇది చివరి తప్పు, చాలా పెద్దది. అటూ ఇటూ ఊగుతున్న ఎమ్మెల్యేకు ‘నీ సీటే పోతుంది’ అని చెప్పినట్టయింది. గవర్నర్ ఒప్పుకోలేదు. ఆగస్టు 31న రాజీనామా, సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం.

పెన్నా ఒడ్డు, తాడిపత్రి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. 1995లో ఎమ్మెల్యేల కోపం శిబిరంగా బయటపడింది. 2014 తర్వాత రెండు ప్రభుత్వాల్లోనూ అలాంటి తిరుగుబాటు జరగలేదు కదా. మరి ఓటమి అంత పెద్దగా ఎలా వచ్చింది? కోపం లేకనా, కనబడకనా?

జవాబు 3: మైదుకూరు రోడ్డు, ప్రొద్దుటూరు

కనబడక. దానికి చట్టం ఒక కారణం. 1985 నాటి ఫిరాయింపుల చట్టంలో మూడింట ఒక వంతు మంది చీలితే సభ్యత్వం పోదనే వెసులుబాటు ఉండేది. 2003లో 91వ సవరణ దాన్ని తీసేసింది. ఇప్పుడు మూడింట రెండు వంతుల మంది వేరే పార్టీలో విలీనమైతేనే రక్షణ. 151 మంది ఉన్న పార్టీలో అది 101 మంది. జరిగే పని కాదు. కాబట్టి కోపమొచ్చిన ఎమ్మెల్యే బయటికి పోడు, లోపలే ఉండి పనిచేయడం మానేస్తాడు. నాయకుడికి ఇది విధేయతలా కనిపిస్తుంది. పైకి అంతా ప్రశాంతం, కింద నివురుగప్పిన నిప్పు.

రెండు పార్టీలూ ఒకే చోట తప్పు చేశాయి, ఊరి నాయకుణ్ని పక్కకు నెట్టడంలో. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు వచ్చాయి. పింఛను ఎవరికో, ఇల్లు ఎవరికో కమిటీ చెప్పాలి, గెలిచిన సర్పంచ్ చూస్తూ ఉండాలి. 2019 ఆగస్టు నుంచి వలంటీర్లు. 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పని వేగంగా, లంచం లేకుండా జరిగింది, అది ఒప్పుకోవాలి. కానీ ఇరవై ఏళ్లుగా ఊళ్లో పార్టీ జెండా మోసిన మనిషి దగ్గరికి ఇక ఎవరూ రావాల్సిన పని లేకపోయింది. పథకం బటన్ నొక్కితే ఖాతాలో పడుతుంది. ఓటరుకూ ముఖ్యమంత్రికీ మధ్యలో మనిషే లేడు. ఓటరు కృతజ్ఞత నేరుగా తనకే వస్తుందని నాయకుడి లెక్క. అయితే పోలింగ్ రోజు స్లిప్పు ఇచ్చి, ముసలమ్మను బూత్ దాకా తీసుకొచ్చేది, ఏజెంటుగా సాయంత్రం దాకా కూర్చునేది ఆ మధ్య మనిషే. 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వలంటీర్లను పంపిణీకి దూరం పెట్టింది. అప్పటికి మధ్య మనిషికి పని చేయాలన్న ఆసక్తి పోయింది.

ఆ మనిషి జేబు సంగతి చూద్దాం. ఊళ్లో సచివాలయం, రైతు భరోసా కేంద్రం భవనాలు చాలాచోట్ల పార్టీ వాళ్లే కట్టారు. పని అయ్యాక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎం-బుక్కులో కొలతలు ఎక్కిస్తాడు, డీఈ (ఆయన పై ఇంజనీరు) సరిచూస్తాడు, బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి పోతుంది. అక్కడ ఆగుతుంది. పది లక్షల బిల్లు అనుకోండి, పెట్టుబడి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు 20,000. ఏడాదిన్నర ఆగితే 3 లక్షల 60 వేలు వడ్డీకే పోతుంది, పనిలో మిగిలేది ఏమీ ఉండదు. ప్రతిపక్షం వాడికి బిల్లు ఆపితే కోర్టుకు పోతాడు, పేపర్లో వస్తుంది. సొంత పార్టీ వాడు నోరు మూసుకుంటాడు, ఎన్నికలప్పుడు చేతులు కట్టుకుంటాడు. సర్పంచ్‌లకూ అదే జరిగింది. ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాలో పడ్డాక కరెంటు బకాయిల కింద సర్దేస్తే, వీధిలైటు కూడా వేయించలేని సర్పంచ్ మిగిలాడు. వాళ్లలో ఎక్కువమంది అధికార పార్టీ మద్దతుతో గెలిచినవాళ్లే.

ఇక పాసు పుస్తకం. భూహక్కు చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తగాదా సివిల్ కోర్టుకు పోకూడదు, టైటిల్ (భూమి హక్కు) అధికారి దగ్గర, తర్వాత అప్పీలు అధికారి దగ్గర తేల్చుకోవాలి, ఆపైన హైకోర్టు అన్నది అందులోని పద్ధతి; 2024లో ఆ చట్టం రద్దయింది. లాయర్లు కోర్టులు బహిష్కరించారు. చట్టం మంచీ చెడూ ఎంతమంది చదివారో గానీ, అందరూ చూసింది పుస్తకం అట్ట. తాత పేరుతో వచ్చిన నాలుగెకరాల మెట్ట, దాని పట్టాదారు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ. రీసర్వే రాళ్ల మీద కూడా పథకం పేరు. చట్టం మీద అనుమానం పుట్టిన సమయంలోనే ఆ బొమ్మ చేతికొచ్చింది. ‘నా భూమి పుస్తకం మీద ఆయన బొమ్మ ఎందుకు?’ అన్న ప్రశ్నకు బూత్ స్థాయిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. బొమ్మ లేకుండా ఇచ్చి ఉంటే రూపాయి ఖర్చు అయ్యేది కాదు. ఇలాంటి వాటినే నేను అచ్చమైన స్వయంకృతం అంటాను. ఏ లాభమూ లేదు, ఎవరూ అడగలేదు, ఆపడం తన చేతిలోనే ఉంది.

మంత్రుల సంగతి కూడా చిత్రావతి చెప్పిన 1989కి దగ్గరగా పోయింది. సగం కాలం తర్వాత దాదాపు అందరినీ మారుస్తామని మొదటే ప్రకటించారు. 2022 ఏప్రిల్‌లో 24 మంది చేత రాజీనామా చేయించి, అందులో 11 మందిని మళ్లీ తీసుకున్నారు. అందరినీ మార్చి ఉంటే అది నియమం. కొందరిని ఉంచాక, పోయిన ప్రతివాడికీ ‘నన్నే ఎందుకు?’ అన్న ప్రశ్న మిగిలింది.

తెలుగుదేశం వైపు ఇలాంటిదే 2017 ఏప్రిల్. ఎదుటి పార్టీ నుంచి వచ్చిన 23 మంది ఎమ్మెల్యేల్లో నలుగురికి మంత్రి పదవులు. మా పక్క జమ్మలమడుగులో ఆదినారాయణరెడ్డి మంత్రి అయ్యారు. దశాబ్దాలుగా ఆయనతో తలపడిన రామసుబ్బారెడ్డి వర్గం అదే పార్టీలో ఉంది. 2019లో ఒకరికి ఎంపీ టికెట్, ఇంకొకరికి ఎమ్మెల్యే టికెట్ ఇచ్చి సర్దారు. ఇద్దరూ ఓడిపోయారు. రెండు వర్గాల నాయకులు చేతులు కలిపినా, ఊళ్లో కేసులున్నవాళ్లు, తలలు పగిలినవాళ్లు కలవరు. ఆ లెక్క హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కూర్చుంటే అందదు.

జవాబు 4: కొండారెడ్డి బురుజు, కర్నూలు

పై జవాబులు బాగున్నాయి గానీ ఒక జాగ్రత్త చెప్పాలి. సీట్లు చూసి తప్పుల బరువు తూచకండి. 2019లో 23 సీట్లకు పడిపోయిన తెలుగుదేశానికి ఓట్లు 39 శాతం పైనే. 2024లో 11 సీట్లకు పడిపోయిన వైఎస్సార్‌సీపీకీ 39 శాతం పైనే. రెండుసార్లూ పది మందిలో నలుగురు వదల్లేదు. వైఎస్సార్‌సీపీకి 2019లో దాదాపు 50 శాతం. అంటే వివరించాల్సింది పదకొండు శాతానికి కాస్త తక్కువ. 151 నుంచి 11 అన్నది మన ఎన్నికల పద్ధతి వల్ల పెద్దదై కనిపించే అంకె.

అదీగాక 2024లో ఎదుట మూడు పార్టీల పొత్తు ఉంది. పొత్తును తప్పుల లెక్కలో వేయకూడదని కొందరంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున నంద్యాలలో చంద్రబాబును అరెస్టు చేశారు. సెప్టెంబరు 14న రాజమహేంద్రవరం జైలు బయట పవన్ కళ్యాణ్ పొత్తు ప్రకటించారు. మధ్యలో ఐదు రోజులు. కేసు బలం కోర్టు తేల్చేది, దాని జోలికి నేను పోను. కానీ సీట్ల పంపకం మీద నెలల తరబడి తెగని బేరం నడవాల్సిన రెండు పార్టీలను ఐదు రోజుల్లో ఒక్కటి చేసిన నిర్ణయం ఎవరిదో చూడండి. ఎదుటివాళ్లు విడివిడిగా ఉండటం కూడా అధికారంలో భాగమే.

పెన్నా ఒడ్డు, తాడిపత్రి

ఈ 39 శాతం సంగతి నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు. చివరిగా ఒకటి. ఎన్నికల దాకా ఆగకుండా, ఈ కోత మొదలైందని ముందే పసిగట్టే దారి ఉందా? మా దగ్గర మున్సిపాలిటీ సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

జవాబు 5: చిత్రావతి, హిందూపురం

మున్సిపాలిటీ గురించి క్లుప్తంగా. 2021లో ఎన్నికైన చైర్‌పర్సన్ల మీద నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాస నోటీసుకు వీల్లేకపోయింది. ఆ తర్వాత సభ్యుల్లో సగం మంది సంతకాలతో నోటీసు, నెగ్గాలంటే మూడింట రెండు వంతులు. చాలామంది చైర్‌పర్సన్లు ఈ నాలుగేళ్లనూ రక్షణ అనుకుని కౌన్సిలర్లను ఖాతరు చేయలేదు. వార్డు పనుల్లో వాటా లేదు, ఎజెండా చివరి నిమిషంలో చేతికొస్తుంది, అడిగితే జవాబు ఉండదు. గడువు తీరగానే సంతకాలు మొదలయ్యాయి. సర్పంచ్‌కు మాత్రం ఈ భయం లేదు. నేరుగా ఎన్నికైనవాడు కాబట్టి అవిశ్వాసం ఉపసర్పంచ్ మీదే పెట్టగలరు.

జవాబు 6: మైదుకూరు రోడ్డు, ప్రొద్దుటూరు

ముందే పసిగట్టడం గురించి. సాధారణ ఎన్నికలకు ముందు వచ్చే చిన్న ఎన్నికల్లో రహస్య ఓటు ఉన్నవి ఏవో చూడండి. సర్పంచ్, ఎంపీటీసీ ఎన్నికలు పనికిరావు, అక్కడ ఏకగ్రీవాలూ ఒత్తిళ్లూ ఎక్కువ. 2021లో వాటిని చూసి బలం అంచనా వేసినవాళ్లు మోసపోయారు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వేరు. 2023 మార్చిలో మూడు పట్టభద్రుల స్థానాలూ తెలుగుదేశం గెలిచింది. అందులో ఒకటి పడమటి రాయలసీమ, అంటే మన కడప, అనంతపురం, కర్నూలు. నాలుగేళ్ల కిందట ఈ మూడు జిల్లాల్లో 38కి 36 అసెంబ్లీ సీట్లు వచ్చిన పార్టీ ఇక్కడ ఓడింది. అదే నెలలో ఎమ్మెల్యే కోటా ఎన్నికలో సొంత ఎమ్మెల్యేల ఓట్లు అటు పోయాయి. తిరుగుబాటుకు చట్టం దారి మూసేసినా రహస్య ఓటు తెరిచే ఉంది. నలుగురిని సస్పెండ్ చేశారు. ఎందుకు పోయారన్న ప్రశ్న అక్కడితో మూసేశారు. ‘ఆ పట్టభద్రులు మా ఓటర్లు కాదు’ అని పైకి చెప్పుకున్నారు. ఎన్నికలకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి, పాసు పుస్తకాల మీద బొమ్మ తీసేయడానికీ బిల్లులు ఇవ్వడానికీ అది చాలిన సమయం.

ఎన్నికల తర్వాత చూడాలంటే ఫారం 20 తీసుకోండి. బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో ఉండే తుది ఫలితాల పట్టిక, ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గం పేరు మీద దొరుకుతుంది. రెండు ఎన్నికల పట్టికలు పక్కన పెట్టుకోండి. బూత్ నంబర్లు మారి ఉంటాయి, కాబట్టి నంబరు చూసి కాదు, ఊరి పేరు చూసి జత చేయాలి. ఊళ్లో నాలుగు బూత్‌లుంటే నాలుగూ కలిపేయండి. ఓట్ల సంఖ్య కాకుండా పోలైనవాటిలో శాతం తీయండి. అన్ని ఊళ్లలో ఒకే రీతిన తగ్గి ఉంటే అది రాష్ట్రం గాలి. కొన్ని ఊళ్లలోనే పడిపోయి ఉంటే ఆ ఊరి నాయకుడు చేతులు కట్టుకున్నట్టు. ఎంపీకీ ఎమ్మెల్యేకూ ఒకే బూత్‌లో పడ్డ ఓట్ల తేడా చూస్తే కోపం పార్టీ మీదా మనిషి మీదా అన్నది తెలుస్తుంది.

మా కడప లోక్‌సభే చూడండి. 2024లో దాని కింది ఏడు అసెంబ్లీ సీట్లలో వైఎస్సార్‌సీపీ గెలిచింది పులివెందుల, బద్వేలు రెండే. అయినా ఎంపీ సీటు నిలబడింది, 62 వేల పైచిలుకు మెజారిటీతో. పులివెందుల అసెంబ్లీ మెజారిటీ ఒక్కటే 61 వేలు దాటింది. 2019లో ఇదే ఎంపీ మెజారిటీ 3 లక్షల 80 వేలు, పులివెందులది 90 వేలు. పులివెందులలో తగ్గింది 30 వేలు కూడా లేదు. ఎంపీ మెజారిటీలో మిగతా కోత దాదాపుగా మిగిలిన ఆరు నియోజకవర్గాల్లోనే పడి ఉండాలి. బద్వేలు, కమలాపురం, మైదుకూరు ఫారం 20లు ముందు తీయండి. పల్లెలు ఎక్కువున్నవి కాబట్టి ఊరి వారీ తేడా అక్కడ బాగా తెలుస్తుంది.